గురవయ్య తుడవని చోటు

రిటైరైన మూడో ఏడు, ఆడి నెల, అంటే ఆషాఢం, మొదటి సోమవారం నాకు మళ్ళీ ఒక పోస్టింగు వచ్చింది. ఆర్డరు కాగితం లేదు, జాయినింగు రిపోర్టు లేదు. ఫోన్లో ఒక పెద్దమనిషి గొంతు, "ఫోర్‌మన్ సార్, మా పాత వండి నూనె కారుస్తా ఉంది, ఒక తూరి వచ్చి చూడండి" అంది. వండి అంటే తమిళనాడులోని మా రాజపాళయంలో బండి. మాట్లాడినది వెంకటసామి నాయకర్‌గారు. ఊరి బయట పత్తి గోడౌన్లున్న మనిషి, ఊరంతా మొదలాళి అని పిలుస్తారు. అంటే యజమాని.

నేను ప్రభుత్వ బస్సు డిపోలో ముప్పై మూడేళ్ళు పనిచేశాను, చివరి తొమ్మిదేళ్ళు ఫోర్‌మన్‌గా. తెలియనివారికి చెబుతున్నాను: డిపోలో స్పానరు పట్టేవాడు టెక్నీషియను, అతని మీద చార్జ్‌మన్, ఆయన మీద ఫోర్‌మన్. ఫోర్‌మన్ సంతకం లేకుండా రిపేరైన బస్సు గేటు దాటదు. బస్సు దారిలో ఆగిందా, పైనుంచి మేనేజరు తిడతాడు, కిందనుంచి డ్రైవరు తిడతాడు, మధ్యలో ప్రయాణికులు మా అమ్మానాన్నల్ని కూడా కలుపుకొని తిడతారు. ఆ తిట్ల నడుమ నేర్చుకున్న విద్య నాది. అందుకే నాకు ఓపిక తక్కువ. ఈ సంగతి ముందే ఒప్పుకుంటున్నాను, ఎందుకంటే ఈ కథలో దానికీ పాత్ర ఉంది.

కారు ఇంగ్లండులో తయారైన నాలుగు సిలిండర్ల పాత కారు. ముదురాకుపచ్చ రంగు. మొదలాళి తండ్రిగారు కొన్నది. కంపెనీ పేరు అనవసరం, దాని తప్పేమీ లేదు. వాకిట్లో కొత్తగా గ్రానైటు పరిచారు. దానిమీద, కారు నడుము కింద, అరచేయంత నల్ల మచ్చ.

మొదలాళి కుర్చీ కూడా చూపించకుండా మచ్చ చూపించారు. "ఈ రాయి వేసి సంవత్సరం కాలేదు. పాండి ఇంజిను విప్పి మూసినాడు, అప్పటినుంచి ఇదే కత. రెండు తూర్లు పైన గ్యాస్కెట్ మార్చినాడు, మూడు తూర్లు కింద మార్చినాడు. నాకు విసుగెత్తిపోయింది సార్. కోయంబత్తూరులో ఒక పార్టీ వండి అడిగినాడు. ఆడి కడసిలో లారీ తీసుకొని వస్తానన్నాడు. అంతలో కారడం నిలిచిందా, ఉంచుకుంటాను. నిలవలేదా, ఇచ్చేస్తాను." కడసి అంటే ఆఖరు.

పాండి తళవాయిపురంలో షెడ్డు పెట్టుకున్న మెకానిక్కు. ఎనిమిది నెలల కింద ఈ ఇంజినుకు కొత్త పిస్టన్లు, కొత్త బేరింగులు వేసింది అతనే. పని చేతగానివాడు కాదు. కానీ ఏ జాయింటు చూసినా షెల్లాక్ జిగురు పూసేస్తాడు. దోసెకు నెయ్యి పూసినట్టు పూస్తాడు.

మూడో మనిషి గురవయ్య, కారు డ్రైవరు. అరవై దాటాడు. పెద్ద మొదలాళి కాలంనుంచి ఆ కారు తోలుతున్నాడు. వేరే కారు తోలడు, తోలమన్నా తోలలేడు. భుజం మీద ఎప్పుడూ గాయాలకు కట్టే తెల్లటి గుడ్డ ముక్క ఉంటుంది. మా పక్కన సత్రపట్టిలో ఆస్పత్రులకు నేసే పలుచటి గుడ్డ అది, ముక్కలు తూకానికి దొరుకుతాయి. ఆ గుడ్డతో గురవయ్య ఉదయం ఐదుకు కారు తుడవడం మొదలుపెడితే ఏడింటికి ముగిస్తాడు. పైన మాత్రమే కాదు, బానెట్ ఎత్తి ఇంజిను తుడుస్తాడు, కింద పడుకొని ఇంజిను అడుగున నూనె ఉండే సంపు తుడుస్తాడు. వండి పోతే డ్రైవరు ఎందుకని మొదలాళి అతని ఎదుటే అన్నారు. నన్ను గేటుదాకా సాగనంపుతూ గురవయ్య మెల్లగా, "ఎట్లైనా నిలిపించండి సార్. ఈ వండి తప్ప నాకు వేరే వేల తెలియదు" అన్నాడు. వేల అంటే పని.

నూనె లీకు వెదకడానికి ఒక పద్ధతి ఉంది. నూనె కనబడే చోటు వేరు, కారే చోటు వేరు. పైన ఎక్కడో బయటపడి, ఇంజిను ఒంటిమీదుగా జారి, గాలికి వెనక్కి పోయి, చివరికి ఏదో బోల్టు కొసనుంచి రాలుతుంది. అందుకని మొదట ఇంజిను మొత్తం కిరసనాయిలుతో కడగాలి. తర్వాత ఎవరూ ముట్టుకోకూడదు. బండి కింద తెల్ల కాగితం పరిచి, మర్నాడు చుక్క ఎక్కడ పడిందో చూసి, దాని పైనుంచి వెనక్కి వెదుక్కుంటూ పోవాలి.

మంగళవారం కడిగించాను. కాగితం పరిచాను. బుధవారం ఉదయం ఎనిమిదికి వెళితే కాగితం లేదు, ఇంజిను అద్దంలా మెరుస్తోంది. గురవయ్య భుజంమీది గుడ్డ మాత్రం నల్లగా ఉంది. లీకు ఎక్కడిదో చెప్పే సాక్ష్యమంతా ఆ గుడ్డలో ఉంది! తుడవొద్దన్నాను గదయ్యా అంటే, "కారుతుంటే ఎట్ల సార్ విడిచిపెట్టేది, మొదలాళి చూస్తే మనసు చెడిపోతుంది" అన్నాడు. మళ్ళీ కడిగించాను, మళ్ళీ కాగితం పరిచాను. గురువారం కాగితం ఉంది, కానీ సుబ్బరంగా ఉంది. ఉదయం ఐదుకు కొత్తది మార్చాడట, పాతది మురికైపోయిందని.

నాకు తల తిరిగింది. అరిచాను. మొదలాళి లోపలినుంచి వచ్చి ఏమిటని అడిగేంత గట్టిగా అరిచాను.

తర్వాత పౌడరు పద్ధతి. కడిగిన ఇంజిను ఆరాక దానిమీద ముఖానికి రాసుకునే పౌడరు చల్లితే, నూనె బయటికొచ్చే చోట తడి గీత పడుతుంది. మా డిపోలో సుద్దపొడి వాడేవాళ్ళం. ఇక్కడ ఇంట్లోంచి మల్లెపూల వాసనొచ్చే డబ్బా పంపారు. సగం డబ్బా ఖర్చుపెట్టి, ఇంజినుకు పెళ్ళికూతురి సింగారం చేసి, కాఫీ తాగమంటే లోపలికి వెళ్ళాను. పది నిమిషాలు, అంతకంటే లేదు. తిరిగొచ్చేసరికి పౌడరు లేదు.

"ఎవరు తుడిచినారు?"

"నేనే సార్," అన్నాడు గురవయ్య, మంచి పని చేసినవాడిలాగా. "ఎవరో తెల్లగా కొట్టేసి పోయినారు. మీరు చూస్తే కోపం చేస్తారని గబగబా తుడిచినాను."

"కొట్టింది నేనే! సుమ్మా ఉండవయ్యా, నీకు దండం పెడతాను, సుమ్మా ఉండు!" సుమ్మా అంటే ఊరికే.

రెండో డబ్బా తెప్పించి మళ్ళీ చల్లి, ఈసారి అతన్ని నా పక్కనే నిలబెట్టుకున్నాను. ఆడి గాలి. కొండమీదినుంచి తుంపర మోసుకొస్తూ సగం పౌడరు నా చొక్కా మీదికే కొట్టింది. అయినా ఇంజిను ఇరవై నిమిషాలు నడిపాక ఒక సంగతి తేలింది. పైన పొడిగా ఉంది. పక్కలు పొడిగా ఉన్నాయి. క్లచ్ పెట్టె అడుగున ఒక చిన్న రంధ్రం, అందులో వేలాడే స్ప్లిట్ పిన్ను ఉంటాయి. ఆ పిన్ను కొసనుంచి చుక్క తర్వాత చుక్క పడుతోంది. అంటే నూనె వచ్చేది పిస్టన్లు తిప్పే క్రాంక్ షాఫ్టు వెనక కొసనుంచి.

ఇలాంటి పాత ఇంజినులో ఆ చోట రబ్బరు సీలు ఉండదు. షాఫ్టు మీద మరలాగా ఒక గాడి చెక్కి ఉంటుంది. షాఫ్టు తిరిగేటప్పుడు ఆ గాడి నూనెను లోపలికి తోసుకుంటుంది. గాడి అరిగినా, బేరింగు సందు ఎక్కువైనా నూనె బయటికొస్తుంది. పాండిని పిలిచి నా చెక్ లిస్టు ప్రకారం అడిగాను. సందు ఎంత పెట్టావు, నూనె ఎంత పోశావు, బ్రీదర్ చూశావా? బ్రీదర్ అంటే ఇంజిను ఊపిరి దారి. పిస్టన్ల పక్కనుంచి కొంచెం గాలి ఎప్పుడూ కింద నూనె ఉండే గదిలోకి దిగుతుంది, అది బయటికి పోవడానికి ఒక రంధ్రం ఉంటుంది. ఈ కారులో ఆ రంధ్రం నూనె పోసే మూతకే ఉంటుంది. పాండి తమిళంలో, "చూశాను సార్, మూత కూడా మార్చాను, మంచి మూత" అన్నాడు. నేను లిస్టులో టిక్కు పెట్టాను. ఆ టిక్కు సంగతి తర్వాత చెబుతాను.

ఇంజిను దించమన్నాను. దించడం, విప్పడం, కొలవడం, మళ్ళీ ఎక్కించడం, మొత్తం పదకొండు రోజులు. కొలతలన్నీ సరిగ్గా ఉన్నాయి. గాడి అరగలేదు. సందు ఉండాల్సినంతే ఉంది. పాండి ముఖం వెలిగింది, నా ముఖం వాడింది. ఎందుకైనా మంచిదని కొత్త బేరింగులు వేసి ఎక్కించాం. స్టార్టు చేశాం. పావుగంటకు స్ప్లిట్ పిన్ను కొసన చుక్క.

మొదలాళి వాకిట్లో నిలబడి చూశారు. కోపం చేయలేదు, అది ఇంకా అధ్వానం. "ఫోర్‌మన్ సార్, మీకే దొరకలేదంటే ఇంకెవరికి దొరుకుతుంది? ఏమి కారణమని చెప్పమంటారు నన్ను?" అన్నారు. అంతలో గురవయ్య కారు కిందికి దూరి ఆ చుక్కను తుడిచాడు.

నేను పేలిపోయాను. "కారణం కావాలా? ఇదిగో, ఈ మనిషి! ఈయన ఉన్నంతవరకు ఈ బండిలో ఏ లీకూ దొరకదు. మూడు వారాలనుంచి తుడుస్తానే ఉన్నాడు!" అన్నాను. పాండి ఉన్నాడు, వంటామె ఉంది, గోడౌన్ మేస్త్రీ ఉన్నాడు. అందరూ విన్నారు.

నేనన్నది వెదకడం గురించి. మొదలాళి విన్నది కారణం గురించి. నూనె కూడా ఇతనే ఎక్కువ పోసి ఉంటాడని అప్పటికప్పుడు తేల్చేసి, ఇకమీదట బండి ముట్టుకోవద్దు, లారీ వచ్చేదాకా గేటు బయట ఉండు అన్నారు. గురవయ్య కారు కిందనుంచి లేచాడు. తాళంచెవి కిటికీ గట్టుమీద పెట్టి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత మూడు రోజులు, నేను వచ్చినప్పుడల్లా, గేటు బయట సిమెంటు దిమ్మ మీద కూర్చొని ఉన్నాడు. నన్ను చూసి లేచి నిలబడేవాడు. నాకు సిగ్గేసింది. కానీ నేనన్న మాట తప్పని చెప్పడానికి నా దగ్గర కారణం లేదు. కారణం దొరికితే చెబుదామని వాయిదా వేశాను. ఇప్పుడు రాస్తుంటే అది పిరికితనమనే అనిపిస్తోంది.

అతను తుడవని ఆ మూడు రోజులూ చుక్కలు యథాప్రకారం పడ్డాయి. కాగితం శుభ్రంగా సాక్ష్యం చెప్పింది, చెప్పింది మాత్రం మాకు తెలిసిన సంగతే.

శుక్రవారం వచ్చింది. సోమవారం లారీ వస్తుంది. నేను చేతులెత్తేసి మొదలాళికి రిపోర్టు రాసివ్వడానికి వెళ్ళాను. పాండి ఇంజిను నడిపి ఉంచి నిమిషానికి ఎన్ని చుక్కలో లెక్కపెడుతున్నాడు. గేటు దగ్గర గురవయ్య గొంతు. చేతిలో ఆకు దొన్నె, అందులో తడి చందనం, కుంకుమ. "ఇదే కడసి శుక్రవారం మొదలాళీ. ఒక్క బొట్టు పెట్టేసి పోతాను" అన్నాడు. మొదలాళి అటు తిరిగి, "సరి, పెట్టి పో" అన్నారు.

ప్రతి శుక్రవారం అతను కారుకు చందనం పెడతాడు. స్టీరింగుకు ఒకటి, బానెట్‌కు ఒకటి, ఇంజినుకు ఒకటి. ఇంజినుకు తల ఇదేనని పెద్ద మొదలాళి ఎప్పుడో చూపించారట, నూనె పోసే మూత. మిగతా కారంతా తుడుస్తాడు గానీ ఆ బొట్టు తుడవడు. తుడిస్తే తప్పు. పాతదానిమీదే కొత్తది పెడతాడు. మేం ఇంజిను కడిగించినప్పుడూ దించినప్పుడూ ఆ బొట్టు జోలికి ఎవరూ పోలేదు. మామూలుగా ఉదయం స్టార్టు చేయకముందే పెట్టేస్తాడు. ఆ రోజు ఒక్కరోజే ఇంజిను నడుస్తుండగా పెట్టాడు.

నేను అలవాటుగా చేతులు జోడించాను. జోడించి చూస్తుంటే, ఆ తడి చందనం మధ్యలో ఒక బుడగ లేచింది. ఉబ్బింది. పగిలింది. మళ్ళీ ఒకటి లేచింది.

మూడు క్షణాలు నాకు అర్థం కాలేదు. తర్వాత, "ఇంజిను ఆపొద్దు, పాండీ ఆపొద్దు!" అని అరిచి గుడ్డతో మూత తిప్పి ఊడదీశాను. బుస్సుమని వేడిగాలి నా ముఖాన కొట్టింది. మూత పైన మధ్యలో రెండు చిన్న రంధ్రాలు. వాటిమీద ఎనిమిది నెలల చందనం, కుంకుమ, పొర మీద పొర, ఎండి రాయైపోయి ఉన్నాయి. ఎక్కడో ఒక వెంట్రుకంత పగులు, అందులోంచి ఇంజిను ఊపిరి వదులుతోంది. పాండి కారు కిందనుంచి, "సార్, చుక్క ఆగింది!" అని కేకేశాడు.

ఊపిరి బయటికి పోయే దారి మూసుకుంటే లోపలి గాలి ఎక్కడ సందు దొరికితే అక్కడ నూనెను తోసుకొని బయటపడుతుంది. సీలు లేని వెనక కొస దానికి దొరికింది. అంతే. ఇంజిను దించక్కర్లేదు, బేరింగులు కొనక్కర్లేదు.

పాత మూతకు ఈ రంధ్రాలు అంచు కింద, కనబడని చోట ఉండేవి. దానిమీద ఎన్నేళ్ళు బొట్టు పెట్టినా ఏమీ కాలేదు. పాండి షెడ్డులో ఆ మూత పోయింది. మదురైలో పాత సామాన్ల అంగడినుంచి ఇంకో మూత తెచ్చాడు, దానికి రంధ్రాలు నెత్తిమీద ఉన్నాయి. మంచి మూతే, పాండి అబద్ధం చెప్పలేదు. బొట్టు పెట్టకముందు చూశాడు, నాతో చూశానన్నాడు, నేను టిక్కు పెట్టాను. డిపోలో అయితే కింది ఉద్యోగి మాటమీద టిక్కు పెట్టిన చార్జ్‌మన్‌కు నేనే మెమో ఇచ్చేవాణ్ణి. మొదటి సోమవారం బానెట్ ఎత్తగానే నేను చూసింది ఆ మూతనే. బొట్టు కనబడింది, దండం పెట్టి పక్కకు చూశాను.

గురవయ్య నిలబడిన చోటే నిలబడి ఉన్నాడు, దొన్నె చేతిలోనే ఉంది. "అయితే నేనేనా సార్ చేసినది?" అన్నాడు. ఆ ముఖం చూడలేకపోయాను.

"పైన రంధ్రమున్న మూత తెచ్చినది పాండి. మూసినది నువ్వు. రెండూ కళ్ళెదుట పెట్టుకొని ఇంజిను దించమన్నది నేను," అన్నాను. "ఆ రోజు నీ గురించి నేనన్నది తప్పు, గురవయ్యా." పదిమంది ముందు అన్న మాట కాబట్టి మొదలాళి ముందు, పాండి ముందు, వంటామెను కూడా పిలిచి చెప్పాను.

సూదితో రంధ్రాలు శుభ్రం చేసి, మూత కిరసనాయిల్లో కడిగి బిగించాం. మొదలాళి తాళంచెవి గురవయ్య చేతిలో పెట్టి, "చోళపురందాకా పోయి రా" అన్నారు. క్షమించమని అనలేదు, ఆయన అనే మనిషి కాదు. పోయి వచ్చాక గురవయ్య భుజంమీది తెల్ల గుడ్డ తీసి కారు కింద పరిచి రెండు గంటలు కూర్చున్నాం. గుడ్డ తెల్లగానే ఉంది. సాయంత్రం మొదలాళి కోయంబత్తూరుకు ఫోను చేసి లారీ వద్దన్నారు.

నేను చెప్పులు వేసుకుంటుంటే గురవయ్య వచ్చి, ఇకమీదట ఇంజినుకు బొట్టు ఎక్కడ పెట్టేదని అడిగాడు. మూడు వారాల్లో అతను ఒక పని చేసేముందు నన్ను అడిగింది అదే మొదటిసారి. ఇంజిను పైనుండే రాకర్ కవర్ పక్కన, రంధ్రం లేని ఇనుము మీద, వేలితో చూపించాను. ఇప్పుడూ అక్కడే పెడుతున్నాడు.

తర్వాత నా చెక్ లిస్టులో రెండు మార్పులు చేశాను. ఒకటి, బ్రీదర్ దగ్గర వేరొకరి మాటమీద టిక్కు పెట్టను, మూత ఊడదీసి నోటితో ఊది చూస్తాను. రెండు, స్పానరు పట్టుకోకముందే ఆ బండిని రోజూ తుడిచేవాణ్ణి పిలిచి, నువ్వు తుడవని చోటు ఏదని అడుగుతాను. మొదటి సోమవారమే ఆ ప్రశ్న అడిగి ఉంటే గురవయ్య వేలుపెట్టి చూపించేవాడు. నా మాటకు మూడు రోజులు గేటు బయట కూర్చోవలసిన పని అతనికి ఉండేది కాదు.